ముట్టడిలో వండిపెట్టిన ఖాలాతో విశాఖలో తొమ్మిది రోజులు

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించి, కొండ మీది రోప్‌వే గురించి చెబుతారు. నేను తొమ్మిది రోజులున్నాను, రోప్‌వే ఎక్కలేదు. ఎక్కువగా చూసింది పాత ఊళ్ళో ఒక మిద్దె, ఒక కళ్ళాసుపత్రి, ఒక చేపల రేవు. వాటితో పాటు ఇంకో ఊరు కూడా చూశాను. ఆ ఊరికి నేను వెళ్ళలేదు, ఆ రోజుల్లో ఎవరూ వెళ్ళలేకపోయేవాళ్ళు కూడా. రాయచోటిలో మా కుట్టంగడికొచ్చే ఆడవాళ్ళు "ఏం చూసొచ్చినావు మాబ్బీ?" అని అడిగితే జాకెట్టు కొలతల మధ్యన ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ వరసగా చెబుతాను.

నా పేరు మహబూబ్‌బీ. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేశాను. అరబ్బీ అక్కడ అబ్బిందే. అదే ఇంట్లో రెండేళ్ళు నాతో పనిచేసిన నూర్జహాన్‌ది విశాఖ పాత ఊరు. నన్ను ఆపా అంటుంది, అంటే అక్కా అని. మొన్న చలికాలంలో ఆమె ఫోన్ చేసింది.

"ఆపా, నీ అరబ్బీ ఉందా, మర్సిపోనావా? మా మేడ మీద సూడాన్ పిల్ల అద్దెకుంటంది. వాళ్ళమ్మ వచ్చింది, యుద్ధంలోంచి. కంటికి ఆపరేషన్ సేయించాలి. పిల్లకేమో పరీక్షలు. నాకొచ్చిన అరబ్బీ ఉల్లిపాయ తే, గిన్నె కడుగు, అంతవరకే కదా. డాక్టర్ దగ్గర అదేం పనికొస్తాది?"

అంగడికి తాళం వేసి, కడపలో రైలెక్కాను.

బొగ్గు రాలే మిద్దె

విశాఖ స్టేషన్ బయట ఆటో అతను "ఎక్కడికమ్మా?" అన్నాడు. "పాత ఊరికి పోవల్ల, యాడన్నా దింపు" అన్నాను. నా యాసకి నవ్వి, "యాడన్నా అంటే సముద్రంలో దింపీమంటావేటి?" అన్నాడు. నూటయాభై అడిగి నూటపాతికకి ఒప్పుకున్నాడు. రాయచోటిలో ఆ డబ్బుతో ఊరు రెండుసార్లు చుట్టి రావచ్చు.

నూర్జహాన్ ఇల్లు పాత ఊళ్ళో ఇరుకు సందులో ఉంది. కింద భర్త తాళాలు, ట్రంకు పెట్టెలు బాగుచేసే కొట్టు. పైన ఇల్లు, దాని పైన మిద్దె మీద ఒక గది. మిద్దె ఎక్కితే పోర్టు క్రేన్లు, వాటి వెనక ఓడలు కనిపిస్తాయి.

ఆ సూడాన్ పిల్ల తల్లి బతూల్‌ని మొదటిసారి అక్కడే చూశాను. ఖాలా అని పిలిచాను, అంటే పిన్ని. అరవై దాటిన మనిషి, ఎత్తరి. పూల తోబ్ కట్టుకుని ఉంది. తోబ్ అంటే మన చీరలాంటిదే, నాలుగున్నర మీటర్ల బట్ట తల మీదుగా చుట్టుకుంటారు. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. కుడి కంట్లో పాలమీగడలా తెల్లటి పొర. నేను సలాం చెప్పేలోపే పిట్టగోడ మీద వేలితో రాసి, నల్లబడ్డ ఆ వేలు నా ముందుకు చాపి అరబ్బీలో అడిగింది.

"ఏ ఇల్లు కాలింది?"

"ఏ ఇల్లూ కాలలేదు ఖాలా. ఓడరేవు నుంచి బొగ్గు పొడి గాలికి వస్తుందట."

"రోజూనా?"

"రోజూ అట."

ఆమె వేలు తోబ్ అంచుకి తుడుచుకుంది. నమ్మినట్టు లేదు.

మిద్దె మీద గోడ వారగా బకెట్లు, బిందెలు, టిఫిన్ డబ్బాలు, చివరికి నూర్జహాన్ బిరియానీ డేక్సా కూడా నిండా నీళ్ళతో, మీద మూతలతో వరుసగా ఉన్నాయి. "మూడు రోజుల్నుంచి ఇదే ఆపా" అంది నూర్జహాన్ మెల్లగా. "కొలాయి వచ్చిందంటే సాలు, ఇంట్లో గిన్నె ఉండనివ్వదు. బిరియానీ సేద్దామంటే డేక్సా లేదు. వద్దనడానికి నాకు నోరు రావట్లేదు."

ఐష్ అడిగితే అన్నం పెట్టాను

సూడాన్‌లో అల్ ఒబేద్ అనే ఊరు ఖాలాది. వేరుశనగ, నువ్వులు, తుమ్మబంక అమ్మే పెద్ద బజారున్న ఊరు. దేశంలో యుద్ధం మొదలయ్యాక ఆ ఊరి చుట్టూ దారులన్నీ మూసేశారు. లోపల సైన్యం, బయట వాళ్ళ శత్రువులు, మధ్యలో లక్షల జనం. ఏడాదిన్నర పైగా అలాగే ఉందట. ఖాలా ఎవరో తెలిసినవాళ్ళ లారీలో, తుమ్మబంక మూటల మధ్య కూర్చుని బయటపడింది. ఎక్కడ ఎన్నిసార్లు ఆపారో అడిగితే "లెక్క పెట్టలేదు, కళ్ళు మూసుకున్నా" అంది.

మొదటి రోజు మధ్యాహ్నం "ఏం తింటావు ఖాలా?" అంటే "ఐష్" అంది. కువైట్‌లో ఐష్ అంటే అన్నం. వేడివేడిగా వండి, చేపల పులుసు పోసి పెట్టాను. ఆమె మర్యాదకి నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది. సాయంత్రం పరీక్ష రాసి వచ్చిన కూతురు హిబా పళ్ళెం చూసి పకపకా నవ్వింది.

"ఆంటీ, మా వైపు ఐష్ అంటే జొన్నలు! అమ్మ జొన్నపిండితో చేసే అసీదా అడిగింది."

అసీదా ఎలా చేస్తారని అడిగాను. ఎసట్లో పిండి పోసి, ముద్ద కట్టేదాకా కట్టెతో గెలికి, గిన్నెలో బోర్లించి, చుట్టూ బెండకాయ పులుసు పోస్తారట.  అది మా సంగటి! ఎక్కడి రాయచోటి, ఎక్కడి అల్ ఒబేద్.

కళ్ళాసుపత్రిలో

రెండో రోజు మద్దిలపాలెం దాటాక ఉన్న ఒక కళ్ళాసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికస్తురాలు. ఎడమ కంటికి ఏమైందో అడగమంది.

ఖాలా చెప్పింది, నేను తెలుగు చేశాను. "పొద్దున కిటికీ పక్కన కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతున్నాను. పక్కింటి మీద గుండు పడింది. మా కిటికీ అద్దం వచ్చి కంట్లో పడింది. ఆ రోజు పప్పు పారేయాల్సి వచ్చింది, అంతా గాజు."

డాక్టరమ్మ రాయడం ఆపి, లేచి వచ్చి ఆ కంటి రెప్ప మెల్లగా ఎత్తి చూసింది. తర్వాత పరీక్షలన్నీ చేసి చెప్పింది. "ఎడమ కన్ను రాదు. కుడి కంటిది ముదిరిన శుక్లం. ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుంది. కాకపోతే కనీసం రెండు నెలలు ఇక్కడే ఉండి చూపించుకోవాలి. పొగ, దుమ్ము తగలకూడదు. కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు."

నేను చెప్పగానే ఖాలా లేచి నిలబడింది. "వద్దు. మూడు వారాల్లో వస్తానని ఊళ్ళో ఉన్న మా అక్కకి మాటిచ్చాను. చుక్కల మందు ఇస్తే చాలు."

"ఆపరేషన్ ఆలస్యమైతే ఉన్న చూపు కూడా పోతుందని చెప్పండి" అంది డాక్టరమ్మ.

చెప్పాను. "మేం వీధికంతా వండే పొయ్యి ఆగితే పిల్లలు ఆకలితో పోతారని నువ్వు ఆమెకి చెప్పు" అంది ఖాలా. చెప్పాను. ఇద్దరికీ మధ్య కూర్చున్న నాకు ఎవరిని ఒప్పించాలో తెలియలేదు. ఆ సాయంత్రం సంగతి తెలిసి హిబా ఏడ్చింది. తల్లి మాత్రం గోడకేసి తిరిగి పడుకుంది. హిబా ఫోన్ తీసుకుని మిద్దె చివరికి వెళ్ళి, తన పెద్దమ్మకి ఒక సందేశం పంపింది. అందుతుందో లేదో తెలియదంది.

మూడు కుండల వాకిలి

మర్నాడు నూర్జహాన్, నేను కంచరపాలెం రైతుబజారుకి వెళ్ళి జొన్నపిండి, బెండకాయలు తెచ్చాం. లేత బెండకాయలు కిలో నలభై. రాయచోటిలో పాతికకి వచ్చేవి. పిండి అమ్మే ఆమె "సోడిపిండి ఉంది, జొన్నపిండెందుకు?" అని వాదించింది. ఇక్కడివాళ్ళకి రాగులంటే సోళ్ళు, వాటితో చేసే అంబలి అంటే ప్రాణం.

నేను గిన్నె నేల మీదికి దించి సంగటి గెలుకుతుంటే ఖాలా చప్పుడు విని వంటగదిలోకి వచ్చింది. నా చేతిలో కట్టె లాక్కుంది. "గిన్నెని కాళ్ళతో నొక్కి పట్టుకో" అంది. మా అమ్మ కూడా అచ్చంగా అదే మాట అనేది. ఆ పొయ్యి దగ్గరే ఖాలా మొదటిసారి తన ఊరి గురించి తనంతట తాను చెప్పింది.

"మొదటి నెల అందరం తలుపులేసుకుని కూర్చున్నాం. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తిన్నాం. పదిళ్ళలో ఒక ఇంట్లో పిండుంటే ఉప్పు లేదు, ఇంకో ఇంట్లో నూనె ఉంటే కట్టెలు లేవు. మా అక్క ఆమ్నా ఒక రోజు వాకిలి తలుపు తీసి మూడు కుండలు బయట పెట్టింది. ఏది ఉంటే అది తెచ్చి వెయ్యండని వీధంతా కేకేసింది."

"అందరూ తెచ్చారా?"

"కొందరు ఉత్త నీళ్ళు తెచ్చారు. అదే మాకు పెద్ద సాయం. నీళ్ళ బండి లాగే గాడిదలకి కూడా మేత లేదు కదా."

గరిటెడు కందిపప్పు, మీద అసీదా ముక్క. మనిషికి అంతే. ఎవరి పిల్లలు, ఏ తెగ, ఏ వైపు అని అడగకూడదన్నది ఆమ్నా పెట్టిన ఒకే ఒక్క షరతు. పప్పు ఉడికేదాకా, జీతం ఆగిపోయిన ఒక టీచరమ్మ వాకిలి గోడ మీద బొగ్గుతో ఎక్కాలు రాసి పిల్లల చేత చెప్పించేదట.

"బజారుకి ఎలా వెళ్ళేవాళ్ళు ఖాలా, గుండ్లు పడుతుంటే?"

ఆమె నవ్వింది. "మా వీధి మూల మీద హవ్వా అని టీ అమ్మేది. గుండ్లు దక్షిణం నుంచి వస్తుంటే పొయ్యి తీసుకెళ్ళి గోడకి ఉత్తరం వైపు పెట్టేది. పడమర నుంచి వస్తుంటే తూర్పుకి మార్చేది. పొద్దున్నే అందరం హవ్వా ఎక్కడ కూర్చుందో చూసి, ఏ వీధిలో నడవాలో తేల్చుకునేవాళ్ళం. ఒక్క రోజు కూడా మానలేదు. టీలో పంచదార మాత్రం మానేసింది."

ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి మిద్దె మీద సోలార్ పలక ఉన్న ఇంటి ముందు బారులు తీరేవారట. పెళ్ళిళ్ళు ఆగలేదట. చీకటి పడ్డాక దీపం కనిపించకూడదని మధ్యాహ్నాలే చేసేసేవాళ్ళట. పెళ్ళివాళ్ళు కూడా భోజనానికి అవే మూడు కుండల దగ్గరికి వచ్చేవాళ్ళట.

ఆ రోజు ఖాలా రెండు ముద్దల సంగటి తింది. నూర్జహాన్ ఒక ముద్ద తిని, "గొంతులోంచి దిగట్లేదు ఆపా, మీరెలగ తింతారు?" అని నీళ్ళు తాగింది.

ఆకాశంలో చప్పుడు

నాలుగో రోజు సాయంత్రం ఖాలాకి గాలి తగులుతుందని నూర్జహాన్ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళింది. ఎన్నడూ లేనంత జనం. ఎందుకో మాకు తెలియలేదు. మురీ మిక్చర్, అంటే మా బొరుగుల మసాలా, పొట్లాలు తీసుకుని ఇసుకలో కూర్చున్నాం. కూర్చున్న కాసేపటికే సముద్రం మీంచి యుద్ధ విమానాలు, ఒకటి వెనక ఒకటి, తల మీద చీల్చుకుంటూ పోయాయి. నేవీ విన్యాసాలకి రిహార్సలట.

మెడ మీద దెబ్బ పడ్డట్టయింది. ఖాలా నన్నూ, నూర్జహాన్‌నూ చెరో చేత్తో పట్టి ఇసుకలోకి పడేసి, మా మీద పడుకుంది. నా కళ్ళజోడు వంగిపోయింది. నోట్లో ఇసుక. ఆమె గుండె నా వీపుకి తగులుతూ కొట్టుకుంటోంది. దువా చదువుతోంది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఖాలా, బాంబులు కాదు. ఆట లాంటిది. ఎవరికీ ఏమీ కాదు." అదే మాట ఎన్నిసార్లు చెప్పానో తెలియదు.

పక్కన మొక్కజొన్న పొత్తులు తింటున్న ఒక కుటుంబం పరుగున వచ్చింది. "ఏటైందమ్మా పెద్దావిడకి?" అంటూ ఆ ఇల్లాలు నీళ్ళ సీసా ఇచ్చింది. సంగతి చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. చప్పట్లు కొడుతున్న తన పిల్లల చేతులు పట్టుకుని ఆపింది. "అయ్యో, నా బుద్ధి మండిపోను, పేపర్ సూడకుండా తీసుకొచ్చీసినాను" అని నూర్జహాన్ ఏడుపు.

ఖాలా లేచి కూర్చుంది. తోబ్ నిండా ఇసుక. ఆ పిల్లలు ఎందుకు ఆగిపోయారని అడిగింది. చెప్పాను.

"కొట్టనివ్వమను. పైన చప్పుడైతే పరిగెత్తకుండా చప్పట్లు కొట్టే పిల్లల్ని చూసి రెండేళ్ళవుతోంది."

ఇంకో రెండు విమానాలు వచ్చాయి. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా కూర్చుంది. నా మణికట్టు మీద గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి.

రేవులో నూకరత్నం

మర్నాడు పొద్దున నూర్జహాన్ మమ్మల్ని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళింది. మా సీమలో చేపలంటే చెరువు చేపలే. ఇక్కడ పడవలోంచి దించుతుండగానే వేలం పాడేస్తున్నారు. ఎండుచేపల వైపు గాలి తిరగగానే ఖాలా ఆగిపోయింది. "కజేక్!" అంది. వాళ్ళ ఊళ్ళో పులుసులో వేసే ఎండుచేప అది. ముట్టడి మొదలయ్యాక దాని వాసనే తగల్లేదట.

నూర్జహాన్ ఎప్పుడూ ఎవరి దగ్గర చేపలు కొంటుందో ఆ నూకరత్నం అక్కడ గోనె మీద కూర్చుని ఉంది. "ఏటి, మీ దేశంలో కూడా ఎండుసేపలు తింతారేటి?" అని గుప్పెడు నెత్తళ్ళు, వేలెడంత ఎండుచేపలు, ఖాలా చేతిలో పోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మూడు కుండల సంగతి నూర్జహాన్ చెబితే నూకరత్నం కత్తి పక్కన పెట్టేసింది.

"ఆ పెద్ద తుపానొచ్చినప్పుడు మాకూ అంతేనమ్మా. కరెంట్ లేదు, నీల్లు లేవు, పాలు లేవు. బోట్లు ముక్కలైపోనాయి. ఎవులింట్లో ఏటుంటే అది తెచ్చి ఒకే డేక్సాలో ఉడకేసీవోళ్ళం. మాది ఐదారు రోజులే. నీది ఏడాదిన్నర. నీకు దండం పెట్టాల." నిజంగానే పెట్టింది. తర్వాత ఖాలా కంట్లోకి వంగి చూసింది. "మరి కన్నెందుకు బాగుసేయించుకోవంట?"

అక్క దగ్గరికి తిరిగి వెళ్ళాలని, పొయ్యి ఆగకూడదని నేను చెప్పాను.

"ఓలమ్మా! పప్పులో రాయి నీకు కనబడకపోతే ఆ రాయి ఎవుల పంటి కింద పడతాది? ఆ పిల్లల పంటి కిందే కదా?"

ఈసారి తెలుగు కాదు, అరబ్బీ చేయమని ఖాలా నా మోచెయ్యి పొడిచింది. చేశాను.  ఇంటికొచ్చే దారిలో ఆటోలో రెండుసార్లు "ఆ చేపలామె ఏమంది, మళ్ళీ చెప్పు" అంది.

ఆమ్నా గొంతు

ఆరో రోజు మధ్యాహ్నం హిబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది. చేతిలో ఫోన్. పెద్దమ్మ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళిన ఎవరో పక్కింటివాళ్ళు పంపారట. ఆమ్నా గొంతు బొంగురుగా, వెనక గిన్నెల చప్పుడు, పిల్లల గోలతో వినిపించింది.

"బతూల్, కన్ను బాగుచేయించుకోకుండా వస్తానంటున్నావట. విను. నీ గరిట హలీమాకిచ్చాను. మొదటి రోజు ఉప్పెక్కువ వేసింది. రెండో రోజు బాగానే చేసింది. నిన్న నీకంటే బాగా చేసింది. నీకు కోపం రావాలనే చెబుతున్నాను. నువ్వు లేకపోతే ఈ వీధి ఆగిపోతుందనుకోకు. గుడ్డిదానివై వచ్చావంటే నీ చేతికి కూడా గిన్నె ఇచ్చి వరుసలో నిలబెడతాను. చూపుతో రా. ఎన్నాళ్ళయినా సరే, చూపుతో రా."

ఖాలా మొహం ఎర్రబడింది. "హలీమాకా? దానికి ఉల్లిపాయ వేయించడం రాదు!" అని అరిచింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విని, "నాకంటే బాగానట" అని నావైపు తిరిగి ఫిర్యాదు చేసింది. మూడోసారి వింటున్నప్పుడు ఆమె భుజాలు కదలడం మొదలైంది. హిబా వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నూర్జహాన్, నేను గది బయటికి వచ్చేశాం.

అరగంట తర్వాత లోపలి నుంచి పిలుపు. "మాబ్బీ, ఆ డాక్టర్ పిల్లకి ఫోన్ చెయ్యి."

పట్టీ విప్పిన రోజు

ఏడో రోజు ఆపరేషన్ గదిలోకి భాష కోసం నన్ను కూడా రానిచ్చారు. ఆకుపచ్చ గౌను, టోపీ తొడిగారు. "కదలొద్దని, పైన లైటు వైపే చూడమని చెబుతూ ఉండండి" అంది డాక్టరమ్మ. నేను చెబుతూనే ఉన్నాను. పని అయిపోయాక ఖాలా బాగానే ఉంది. నర్సు నాకు కుర్చీ వేసి గ్లూకోజ్ నీళ్ళిచ్చింది.

మర్నాడు పట్టీ విప్పారు. ఖాలా రెప్పలు మెల్లగా తెరిచి, ఎదురుగా నిలబడ్డ కూతుర్ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత చిక్కిపోయావేంటి? ఇక్కడ ఏం తింటున్నావు?" అని కోప్పడింది.

హిబా ఏడుస్తూ నవ్వింది. ఖాలా నా వైపు తిరిగింది. "నువ్వేనా మాబ్బీ? గొంతు విని పడుచుపిల్లవనుకున్నాను." దీన్ని కూడా తెలుగు చేయమని డాక్టరమ్మ పట్టుబట్టింది. చెయ్యక తప్పలేదు. గదిలో నర్సులు కూడా నవ్వారు.

తొమ్మిదో రోజు రైలెక్కాను. స్టేషన్‌కి వస్తానంటే దుమ్మని నూర్జహాన్ ఖాలాని ఆపేసింది. నేను సందు మలుపు తిరిగేదాకా ఖాలా నల్ల కళ్ళద్దాలతో మిద్దె మీంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ఈసారి ఆమె నన్ను చూస్తోందని నాకు తెలుసు.

రాయచోటికి వచ్చాక

రెండు నెలలకి, ఎండలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం హిబా ఫోన్ చేసింది. మిషన్ ఆపి తీశాను. అల్ ఒబేద్ దారి తెరుచుకుందట. సైన్యం ముట్టడిని ఛేదించిందట. లారీలు ఊళ్ళోకి వస్తున్నాయట. యుద్ధం అయిపోలేదని, ఇంకా భయమేనని ఆ పిల్ల చెబుతూనే ఉంది గానీ గొంతులో సంతోషం ఆగట్లేదు. తర్వాత తల్లికి ఫోన్ ఇచ్చింది.

"మాబ్బీ, ఆమ్నాతో మాట్లాడాను" అంది ఖాలా. "పొద్దున ఎప్పటిలాగే మూడు కుండలూ కడిగి వాకిట్లో పెట్టి కూర్చుందట. ఎండెక్కింది. ఎవరూ గిన్నెలు తీసుకుని రాలేదట. ఏమైందో అని భయపడి వీధిలోకి వెళ్ళి చూసిందట."

"ఏమైంది ఖాలా?"

"ప్రతి ఇంట్లోంచీ పొగ వస్తోందట. ఎవరింట్లో వాళ్ళు వండుకుంటున్నారు."